కిటికీ పాఠంలో రెండో సగం

బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు ఐసుగడ్డ. ఎవడు పెట్టాడో తెలియదు గానీ, పెట్టినవాడికి బుర్ర ఉంది. సోషల్ టీచర్ కోప్పడదు, నవ్వదు, అరవదు. ఫస్టొచ్చిన పిల్లను ఎలా చూస్తుందో, తప్పిన పిల్లాణ్ణీ అలాగే చూస్తుంది. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. ఒకరోజు భోజనాల దగ్గర మాటల్లో చెబితే, మందుల షాపు నడిపే వాళ్ళాయన, పోనీలే, మనకు ఫ్రిజ్ ఖర్చు తప్పింది అన్నాడు. ఆవిడ కంచంలోంచి తలెత్తలేదు. ఆయన తన జోకుకు తనే నవ్వుకుని నీళ్ళు తాగాడు.

పుట్టుకతో ఎవరూ ఐసుగడ్డ కారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతికి నాజీల పాఠం చెప్పేటప్పుడు ఈవిడే బోర్డు వైపు తిరిగి కళ్ళు ఒత్తుకునేది. పుస్తకంలో ఆ పాఠం ఉన్నది పేజీన్నర. అరవై లక్షల మంది యూదులను చంపారని ఒక్క వాక్యం, ఆ కిందే ఖాళీలు పూరించండి. ఆ ఒక్క వాక్యం చూసి ఆవిడకు ఒళ్ళు మండేది. ఊళ్ళో ఉన్న లైబ్రరీలన్నీ తిరిగి పుస్తకాలు తెచ్చుకుంది, బతికి బయటపడ్డవాళ్ళు చెప్పుకున్న మాటలు చదివింది, రాత్రిళ్ళు నిద్ర పాడుచేసుకుంది. తీరా క్లాసులో అంతా చెప్పాక చూస్తే పిల్లలు చేసే పని ఒక్కటే, హిట్లర్‌ని తిట్టడం. హిట్లర్‌ని తిట్టడానికి ఏం పోయింది? ప్రతివాడూ తిడతాడు. తిట్టేసి ఇంటర్వెల్లో పక్కవాడి సంచి తీసుకెళ్ళి మురిక్కాలవలో పడేస్తాడు.

అందుకని ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టింది. దానికి కిటికీ పాఠం అని పేరు పెట్టింది. ఒక పిల్లనో పిల్లాణ్ణో క్లాసు కిటికీ దగ్గర నిలబెడుతుంది. కింద వీధిలో లారీ ఆగి ఉందనుకో. ఇన్నాళ్ళూ పక్కింట్లో ఉన్నవాళ్ళను, పిల్లాజెల్లాతో సహా, లారీ ఎక్కిస్తున్నారు. నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు, ఏమీ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో చెప్పు. పిల్లలు తోచిన సాకు చెప్పేవాళ్ళు. అది మొదటి సగం. రెండో సగంలో మిగతా క్లాసంతా ఆ సాకు పట్టుకుని ప్రశ్నలు వేయాలి. నిద్రపోతున్నానంటున్నావు, మరి లారీ వచ్చిందని నీకెలా తెలుసు? వాళ్ళెవరో నాకు తెలియదంటున్నావు, మరి నిన్న వాళ్ళింటి నుంచి చక్కెర ఎందుకు తెచ్చుకున్నావు? అలా అడిగి అడిగి, కిటికీ దగ్గరున్న పిల్ల ఇక చెప్పడానికేమీ లేక మొహం కందిపోయి, "చూశాను, భయమేసింది, ఊరుకున్నాను" అనేదాకా వదలకూడదు. ఆ మాట అన్నాక వెళ్ళి కూర్చోవచ్చు. అలా కూర్చున్న పిల్లలు ఆ రోజు ఆటలకు కూడా వెళ్ళేవాళ్ళు కాదు.

తరవాత బళ్ళో పీరియడ్లు పెంచారు. పెంచారంటే, రోజుకు ఒకటి ఎక్కువ పెట్టి ఒక్కోదాన్నీ కురచ చేశారు. కిటికీ పాఠం ఒక పీరియడ్‌లో పట్టడం మానేసింది. మొదటి ఏడు రెండో సగం హడావిడిగా ముగించింది. మరుసటేడు మొక్కుబడిగా చేసింది. ఆ పై ఏడు, అప్పటికే ఆవిడకు అదంతా చెప్పిందే చెప్పి నోరు ఎండిపోయినట్టుండేది, రెండో సగం తీసేసింది. ప్రశ్నలకు బదులు, అందరికంటే బాగా సాకు చెప్పినవాళ్ళకు చప్పట్లు కొట్టించడం మొదలుపెట్టింది. అదైతే గంట కొట్టే లోపల అయిపోతుంది. పిల్లలకూ హుషారు. అధికారులెవరైనా బడి చూడటానికి వస్తే హెడ్మాస్టర్ ఏరికోరి ఈ క్లాసుకే తీసుకొచ్చేవాడు. వాళ్ళు వెనక కుర్చీల్లో కూర్చుని, పిల్లల నటనను మెచ్చుకుని, టీ తాగి వెళ్ళేవాళ్ళు. గేటు దగ్గర "ద్వేషం లేని బడి" అని బోర్డు వెలిసింది.

ఆవిడకు తప్పుచేస్తున్నట్టు అనిపించలేదా అంటే, ఏమీ అనిపించలేదు. ఒకే వైపు ఒత్తిగిలి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, మనదే అయినా మనది కానట్టు ఉంటుంది. ఆవిడ మనసు అలా తయారైంది. ఎముకల గూళ్ళలాంటి మనుషుల ఫోటోలు బోర్డుకు గుచ్చి, పాఠం అయిపోగానే పిన్నులు తీసి డబ్బాలో వేసుకుని, భోజనానికి వెళ్ళేది. తిన్నది ఒంటికి పట్టేది కూడా.

ఈ ఏడు చప్పట్లన్నీ క్లాస్ లీడర్‌కు వచ్చాయి. చలాకీ పిల్ల, వక్తృత్వంలో కప్పులు తెచ్చింది. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చెంపకు ఆనించుకుని, "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి టీచర్. నేను అటు చూస్తున్నాను. ఇటు తిరిగేసరికి వీధి ఖాళీగా ఉంది" అంది. గొంతు కూడా కాస్త వణికించింది. క్లాసంతా బల్లలు చరిచింది. టీచర్ వెరీ గుడ్ అంది.

అదే క్లాసులో వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న కబేళాలో మాంసం కోస్తాడు. పిల్లలు ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలవరు, కబేళా అంటారు. ఆ అమ్మాయి పక్కనుంచి వెళ్తే ముక్కు మూసుకుంటారు. తను కూర్చుని లేచిన చోటు తుడుచుకుని గానీ కూర్చోరు. రోజూ తలస్నానం చేసి, నూనె పెట్టకుండా జడ బిగించి, పౌడర్ వాసన వేస్తూ వస్తుంది పాపం. ఆ పిల్ల ఒంటికి వాసన ఉంటే అది సబ్బూ పౌడరూ వాసనే. కానీ ముక్కు మూసుకోవాలని నిశ్చయించుకున్నవాళ్ళకు వాసనతో పనేముంది? కిటికీ పాఠం రోజు ఆ అమ్మాయిని ఎవరూ కిటికీ దగ్గరకు పిలవలేదు. టీచర్ కూడా పిలవలేదు.

పాఠం అయిన కొన్ని వారాలకు, మధ్యాహ్నం భోజనాల వేళ, వరండా చివర చేతులు కడుక్కునే గదిలో పిల్లలు ఆ అమ్మాయిని చుట్టుముట్టారు. గదులు తుడిచేందుకు పెట్టిన బకెట్లో నీళ్ళు కలపని ఫినాయిల్ ఉంది. దాన్ని ఎత్తి నెత్తిమీద పోశారు. కంపు వదలగొడదామని. కుడికంట్లో పడింది. అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆ కన్ను మూసుకుపోయింది. ఎరుపు తగ్గుతుంది గానీ చూపు మునుపటిలా రాకపోవచ్చని కంటి డాక్టర్ చెప్పాడు.

ఆ వేళ సోషల్ టీచర్ చుట్టిన మ్యాపు చంకలో పెట్టుకుని ఆ వరండాలోనే వెళ్తోంది. గదిలోంచి నవ్వులూ, కడగండి కడగండి అనే కేకలూ వినిపించాయి. మధ్యలో ఎవరో "టీచర్" అన్నట్టు కూడా వినిపించింది. ఒక్క క్షణం ఆగింది. బళ్ళో ఆ మాట వినపడని క్షణం ఉంటుందా? స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి మ్యాపు మూలన పెట్టి, టిఫిన్ డబ్బా తెరిచింది. సంగతి తెలిశాక కూడా, తను అటువైపు వెళ్ళిన విషయం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. అదొక చెప్పుకోవలసిన సంగతి అని ఆవిడకు తోచలేదు.

హెడ్మాస్టర్ విచారణ పెట్టాడు. ఆయనా, సోషల్ టీచరూ, తల్లిదండ్రుల కమిటీ పెద్దమనిషి ఒకాయనా ముగ్గురు. పిల్ల కాలు జారి బకెట్ మీద పడిందని హెడ్మాస్టర్ అప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉన్నాడు. మరి బకెట్ మీద పడితే ఫినాయిల్ నెత్తిమీదికి ఎలా ఎక్కిందని ఎవరూ అడగలేదు. అమ్మాయేమో పోశారని చెప్పింది. ఎవరు పోశారంటే, కళ్ళు మూసుకున్నాను, అందరూ ఉన్నారు అంది. శనివారం నిర్ణయం రాయాలి. ప్రమాదమని రాస్తే, ఆ పిల్ల తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి తోటి పిల్లల మీద నింద వేసిందని అర్థం. అలా రాస్తే ఇక బడి గడప తొక్కనని అమ్మాయి ఇంట్లో తేల్చి చెప్పేసింది. చదువు ఆపేసి కూర్చుంటుంది, అంతే.

వాళ్ళ నాన్న విచారణ జరిగినన్నాళ్ళూ హెడ్మాస్టర్ గది బయట బెంచీ చివర కూర్చున్నాడు. పని నుంచి నేరుగా వచ్చేవాడు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో. ఎవరితోనూ గొడవ పడలేదు. సోషల్ టీచర్ లోపలికి వెళ్తుంటే ఒక్కసారి లేచి నిలబడ్డాడు.

"ఎవరికీ శిక్షలు వద్దు టీచరమ్మా. పోశారు అని ఒక్కళ్ళు చెబితే చాలు. మా పిల్ల అబద్ధాలకోరు కాదని నలుగురూ ఒప్పుకున్నట్టు దానికి తెలియాలి."

పిల్లలను ఒక్కొక్కర్నీ పిలిచారు. మొదటివాడు తను చెయ్యి కడుక్కుని వచ్చేశానన్నాడు. రెండోవాడు ఏదో ఆట అనుకున్నానన్నాడు. మూడో పిల్ల, దగ్గరగా ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళను అడగండి అంది. ఆ తరవాత క్లాస్ లీడర్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. టిఫిన్ డబ్బా మూత రావడం లేదు సార్, నేను దానివైపు చూస్తున్నాను, తల తిప్పేసరికి ఆ అమ్మాయి ఏడుస్తోంది అంది. గొంతు కాస్త వణికింది.

టీచర్ పెన్ను ఆగిపోయింది. ఆ వణుకు ఆవిడకు తెలుసు. వెరీ గుడ్ అన్నది తనే. తరవాత వచ్చినవాళ్ళ మాటలన్నీ ఆవిడకు ముందే తెలిసినట్టున్నాయి. ఏ సాకు తరవాత ఏ సాకు వస్తుందో చెప్పగలదు. పిల్లలు తడుముకోవడం లేదు, నీళ్ళు నమలడం లేదు. నమ్మేటట్టు చెబుతున్నారు. చప్పట్లు కొట్టించి మరీ నేర్పింది కదా. కమిటీ పెద్దమనిషి, ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ మీ పిల్లలు అని హెడ్మాస్టర్‌ను మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం షాపు కట్టేసి వచ్చిన భర్తతో ఇదంతా చెప్పింది. ఆయన హాస్యం ఆడబోయి మానేశాడు. "మరి ఆ రెండో సగం ఇప్పుడైనా చెప్పకూడదా?" అన్నాడు. ఆవిడ బట్టలు మడత పెడుతూ ఉండిపోయింది. ఏడుపొస్తే బాగుండునని ఎదురుచూసింది. రాలేదు.

శుక్రవారం ఆటల పీరియడ్ కూడా అడిగి తీసుకుంది. తలుపు దగ్గరకు వేసి, క్లాస్ లీడర్‌ను కిటికీ దగ్గర నిలబడమంది. ఈసారి కింద వీధి లేదు, లారీ లేదు. చేతులు కడుక్కునే గది, బకెట్, మన క్లాసు అమ్మాయి. నువ్వేం చేస్తున్నావు?

లీడర్ డబ్బా మూత కథే చెప్పింది. టీచర్ క్లాసు వైపు తిరిగి, ప్రశ్నలు వేయండి అంది. ఎవరూ నోరు మెదపలేదు. వాళ్ళకు ఆ సగం తెలిస్తే కదా. అందుకని ఆవిడే అడిగింది. ఆ రోజు డబ్బాలో ఏముంది? మూత ఎవరు తీశారు? చేతులు కడుక్కునే గదిలోకి డబ్బా ఎందుకు తీసుకెళ్ళావు? లీడర్ మొహం మెల్లమెల్లగా రంగు మారింది. తెలివైన పిల్ల కాబట్టి ఆట ఎలా ఆడాలో పట్టేసింది. పట్టేసి తిరిగి ఆవిడ మీదికే విసిరింది.

"మీరెక్కడున్నారు టీచర్?"

"వరండాలో వెళ్తున్నాను."

"మీకేమీ వినబడలేదా?"

"పిల్లల అల్లరి అనుకున్నాను."

చెప్పిన మరుక్షణం అదేమిటో ఆవిడకు తెలిసింది. క్లాసుకూ తెలిసింది. వెనక నుంచి ఒకడు, రోజూ ఆ గదిలో అంత అల్లరి ఉంటుందా అని అడిగాడు. ఉండదని ఆవిడ చెప్పింది. ఇంకో పిల్ల, కేకలు వినబడ్డాయా అంది. వినబడ్డాయి. ఏమని? టీచర్ అని. మరి వెళ్ళలేదే? నన్ను కాదేమో అనుకున్నాను అంది ఆవిడ. అప్పుడు లీడర్ కిటికీ దగ్గర నుంచే, చాలా మామూలుగా అడిగింది.

"వరండాలో ఇంకో టీచర్ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అంది సోషల్ టీచర్. "విన్నాను. ఆగాను. వెళ్ళిపోయాను."

ఇన్నేళ్ళ తరవాత ఆవిడకు ఒళ్ళంతా సూదులు గుచ్చినట్టయింది. భయం, సిగ్గు, రెండూ. పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు. తన మాట విని వాళ్ళలో ఒక్కరైనా లేచి నిజం చెబుతారని ఆవిడ అనుకుంది. కథల్లో అయితే లేస్తారు. ఇక్కడ ఎవరూ లేవలేదు. గంట కొట్టారు. లీడర్ వెళ్ళి తన చోట కూర్చుని సంచి సర్దుకుంది. ఇద్దరు ముగ్గురు మాత్రం గంట కొట్టినా కాసేపు కదలలేదు.

ఆవిడ హెడ్మాస్టర్ గదికి వెళ్ళి, నా సాక్ష్యం రాసుకోండి అని చెప్పింది. కాలు జారినప్పుడు పిల్లలు నవ్వుతూ "కడగండి, ఇంకా కడగండి" అని అరవరు, నేను విన్నది అది. మధ్యలో ఆ అమ్మాయి టీచర్ అని పిలిచింది, నేను ఆగి కూడా లోపలికి వెళ్ళలేదు. ఆయన తలుపు మూసి వచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. మేడమ్, రిటైర్మెంట్ దగ్గర పెట్టుకుని ఇదెందుకు, విని వెళ్ళిపోయానని మీ నోటితో మీరే చెబితే మొట్టమొదట మీ మీదే చర్య తీసుకోవాలి, బడి పరువు సంగతి సరే, మీ పింఛను సంగతి ఆలోచించుకోండి అని నయాన చెప్పి చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అందరికీ మంచివాడిగా ఉండాలనుకునే మనిషి. ఆవిడ అంతా విని, రాసుకోండి అంది. శనివారం కాగితంలో ప్రమాదం అనే మాట రాయడానికి వీల్లేకపోయింది. పోశారు అని రాశారు. ఎవరు అన్నచోట, తెలియరాలేదు అని రాశారు.

ఆ కబురు బడి తరఫున ఎవరో చెప్పేలోపు తనే చెప్పాలని ఆవిడ కబేళాకు వెళ్ళింది. వెనక గేటు పక్కన పనివాళ్ళు చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఆవిణ్ణి నిలబెట్టారు. లోపలి నుంచి గొట్టంతో నేల కడుగుతున్న చప్పుడు వస్తోంది. ఆ అమ్మాయి నాన్న ఏప్రాన్ విప్పుకుంటూ వచ్చాడు. పోశారని రాశారండీ అని చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. చాలు, సోమవారం నుంచి పంపిస్తాను, దానికి చెబితే ఇప్పుడే సంచి సర్దుకుంటుంది అన్నాడు. ఎవరు చెప్పారమ్మా, పిల్లలేనా అని అడిగాడు.

పిల్లలు కాదు, నేను అంది. ఆ రోజు వరండాలో వెళ్తున్నది నేనే, మీ అమ్మాయి పిలిస్తే ఆగి, లోపలికి రాకుండా పోయింది నేనే అని, ఈసారి ఎవరూ అడగకుండానే చెప్పింది. తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

ఆయన కుళాయి తిప్పి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, తీరిగ్గా కడుక్కున్నాడు. తుండుతో తుడుచుకున్నాడు.

"తెలుసమ్మా. మీరేనని మొదటి రోజే చెప్పింది. మీ నడక దానికి తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ బెంచీ మీద కూర్చుని కూడా నన్ను అడగలేదేం?"

"వద్దంది. టీచర్‌కి ఏదో పనుండి ఉంటుంది నాన్నా, లేకపోతే వచ్చేది, ఆవిణ్ణి ఏమీ అనొద్దు అంది." ఆయన తుండు మడిచి భుజాన వేసుకుని, ఆవిడ మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. ఇంటికెళ్ళి కూతురికి చెప్పాలి కాబట్టి అడుగుతున్నట్టు అడిగాడు. "పనుందా టీచరమ్మా?"

"లేదండి" అంది సోషల్ టీచర్.